హెబా అడిగిన ఛాయ

2024 వర్షాకాలం. బందరు ఊరి బయట, రోల్డుగోల్డు నగలు తయారుచేసే షెడ్లు వరసగా ఉన్న చోట మాదీ ఒక రేకుల షెడ్డు. పది పదిహేను మంది ఆడవాళ్ళం పనిచేస్తాం. ఇన్నేళ్ళ పనిలో ఎందరో బేరగాళ్ళని చూశాను కానీ, ఈజిప్టు నుంచి వచ్చిన హెబా అనే అమ్మాయి సంగతి మాత్రం మరిచిపోలేను. ఆ అమ్మాయి వచ్చి వెళ్ళాక మా షెడ్డులో పని చేసే పద్ధతే మారిపోయింది.

ముందు మా పని గురించి కాస్త చెప్పాలి. రోల్డుగోల్డు నగ ఒక్క చేతిలో తయారు కాదు. ఒక వీధిలో ఇత్తడి రేకు మీద అచ్చులు కొడతారు. ఇంకో వీధిలో ముక్కలు అతుకుతారు. రాళ్ళు పొదిగేవాళ్ళు వేరు, పూత వేసేవాళ్ళు వేరు. ఏ వీధి వాళ్ళకి ఆ వీధి పనే తెలుసు. మా షెడ్డులో రెండు పనులు జరుగుతాయి. ముందు గదిలో నాంచారమ్మ, ఆమెతోపాటు కూర్చునే ఆడవాళ్ళు రాళ్ళు పొదుగుతారు. వెనక గదిలో నేను పూత వేస్తాను.

పూతని మేము ప్లేటింగ్ అంటాం. బంగారం కరిగించిన ద్రావణాన్ని బాత్ అంటాం. రెక్టిఫైయర్ అనే పెట్టె ఇంటి కరెంటుని పూతకి పనికొచ్చేట్టు మారుస్తుంది. నగని బాత్‌లో వేలాడదీసి ఆ కరెంటు పంపితే పల్చగా బంగారం అంటుకుంటుంది. అది ఎవరైనా చేస్తారు. అసలు పని ఛాయ కుదర్చడం. బాత్‌లో రాగి పాలు పెరిగితే ఎరుపు తిరుగుతుంది, వెండి పాలు పెరిగితే లేతబడుతుంది. వేడి ఎక్కువైతే ఒక రంగు, తక్కువైతే ఒక రంగు. కరెంటు మితిమీరితే నగ మాడినట్టు మసకబారుతుంది.

ఈ ఛాయ పని ఇంటి గుట్టు. మావాళ్ళు కూతురికి నేర్పరు, రేపు వేరే ఇంటికి వెళ్తుందని. కోడలికి నేర్పుతారు. మా అత్తగారు నాకు అలాగే నేర్పారు. దివిసీమ నుంచి పెళ్ళయి బందరు వచ్చిన ఏడాదే నాకు ఛాయ పట్టుబడింది. అక్షరాలు మాత్రం నలభై దాటాక మా చర్చిలో పాస్టరమ్మగారి దగ్గర దిద్దుకున్నాను.

ఇక విషయానికొస్తాను. ఆ ఏడాది మొదట్లో విజయవాడ ఏజెంటు ద్వారా ఈజిప్టుకి ఒక పార్సిలు పంపాం. పెళ్ళికూతురి సెట్లు, అంటే మెడకి ఒకటి, చెవులకి, చేతికి. మంచి మేలైన పూత వేసి పంపాను. కొన్ని వారాలకి కబురొచ్చింది, ఒక్క సెట్టూ అమ్ముడుపోలేదని, రంగు బాగాలేదని. నాకు కోపం వచ్చింది. నా పూతకి వంక పెట్టినవాళ్ళు బందరులో లేరు. ఎడారిలో ఉండేవాళ్ళకి బంగారం రంగు ఏం తెలుస్తుందని కూడా అన్నాను. నాంచారమ్మ మాత్రం నవ్వి, వాళ్ళ రాజులని బంగారంలో పెట్టి పూడ్చారంట కదక్కా, మనకంటే ఎక్కువే చూసుంటారు అంది.

వర్షాలు మొదలయ్యాక ఆ సరుకు కొన్న మనిషే స్వయంగా వచ్చింది. ఆఫ్రికా దేశాల చిన్న వ్యాపారస్తులకి హైదరాబాదులో ఏదో శిక్షణ ఇస్తుంటే, దానికి వచ్చి, సెలవు దొరికిన రోజుల్లో బస్సెక్కి బందరు వచ్చేసింది. ముప్పై దాటిన మనిషి, తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో గొడుగు లేకుండా తడిసిపోయి నిలబడింది. ఇంగ్లీషు మాట్లాడుతుంది. నాకు రాదు. గుడివాడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మా చెల్లెలి కూతురు ప్రశాంతిని సెలవు పెట్టించి పిలిపించాను. ఆ నాలుగు రోజులూ మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ప్రశాంతి నోటి మీదుగా నడిచినవే.

హెబా నన్ను 'ఖాల్తీ' అని పిలిచింది. అంటే పిన్ని అని అర్థమట. వాళ్ళ ఊళ్ళో కూడా పరాయివాళ్ళని వరస పెట్టే పిలుస్తారట. నేను పిన్నిని కాదు, ప్రశాంతికి పెద్దమ్మని అని చెప్పాను. అప్పటి నుంచి వెళ్ళేదాకా పెద్దమ్మా అనే పిలిచింది.

కూర్చోగానే చేతికున్న గాజు తీసి, మేము చేసిన గాజు పక్కన పెట్టింది. అది వాళ్ళమ్మది, ఇరవై ఒక్క క్యారెట్ల అసలు బంగారం.

"చూడండి పెద్దమ్మా, మీది పక్కన పెడితే మా అమ్మదే నకిలీలా ఉంది" అంది.

నిజమే. మాది పచ్చగా, పసుపు కొమ్ములా మెరుస్తోంది. వాళ్ళమ్మది కాస్త ముదురుగా, లోపల ఎక్కడో ఎరుపు దాచుకున్నట్టు నెమ్మదిగా ఉంది. మనకి బంగారమంటే పచ్చగా ఉండాలి. పచ్చదనం ఎంత ఉంటే అంత మేలనుకుని, వాళ్ళ పెళ్ళి నగలకి నేను మామూలుకంటే ఇంకా పచ్చగా వేశాను, గౌరవంగా ఉంటుందని. అక్కడ గది అవతల నుంచి చూసినా నకిలీ అని చెప్పేస్తారట. నకిలీ నగని వాళ్ళు చైనా బంగారం అంటారట. బందరులో చేసింది చైనా ఖాతాలో పడిందని నాంచారమ్మ చాలాసేపు బాధపడింది.

వాళ్ళకి ఆ నగలెందుకో కూడా అప్పుడే చెప్పింది. ఈజిప్టులో పెళ్ళి కుదిరితే పెళ్ళికొడుకే పెళ్ళికూతురికి బంగారం పెట్టాలి. దాన్ని షబ్కా అంటారు. అది పెట్టలేకపోతే పెళ్ళి ముందుకి సాగదు. ఈమధ్య, మన రూపాయిలాగా అక్కడ చెల్లే పౌండు విలువ ఒక్కసారిగా పడిపోయింది. బంగారం ధర మగపిల్లల అందుబాటులో లేకుండా పోయింది. కొన్ని కుటుంబాలు ఒక్క ఉంగరంతో సరిపెట్టుకుని, పదిమందిలో కూర్చునే రోజుకి మాత్రం పూత నగలు పెట్టుకోవడం మొదలుపెట్టాయి.

"మగపెళ్ళివారు బంగారం పెడతారా? ఏ బస్సెక్కాలో చెప్పమనమ్మా, నేను ఇప్పుడే బయల్దేరతాను" అంది నాంచారమ్మ. ప్రశాంతి అది కూడా ఇంగ్లీషులో చెప్పేసింది. హెబా పడీపడీ నవ్వింది.

ఛాయ కుదర్చడానికి రెండు రోజులు పట్టింది. చిన్న బాత్ ఒకటి విడిగా పెట్టి, రాగి పాలు కొంచెం కొంచెం పెంచుతూ ముక్కలు తీసి చూపించాను. హెబా ట్యూబులైటు కింద చూడదు. ప్రతి ముక్కనీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, వాన వెలుతురులో, చేతి మీద పెట్టుకుని చూస్తుంది. కాదు అనడానికి తల అడ్డంగా ఊపుతుంది. ఒక ముక్క నాకు బాగానే ఉందనిపించింది. ఆ అమ్మాయి అలాగే చూసి, ఇది పొద్దున అసలు బంగారమే, సాయంత్రం దీపాల్లో రాగి అవుతుంది అంది. దీపం వెలిగించి చూశాను. రాగిలాగే ఉంది. ఇంత చూపు ఎక్కడిదని అడిగాను. అప్పుడు వాళ్ళింటి కథ చెప్పింది.

వాళ్ళ ఊరు డమియెట్టా. నైలు నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. వరి పండుతుంది, చేపలు పడతారు. మా కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలాంటిదే అనుకున్నాను. కానీ ఆ ఊరు పేరుబడ్డది సోఫాలకి, కుర్చీలకి. మా దగ్గర లాగే ఒక వీధిలో కుర్చీ కాళ్ళు చెక్కుతారు, ఒక వీధిలో పూలు చెక్కుతారు, ఒక వీధిలో గుడ్డ కుడతారు. హెబా వాళ్ళ వీధి పని, చెక్క మీద బంగారు రేకు అతికి మెరుగు పెట్టడం. తాతల నుంచీ అదే. వాళ్ళదీ పూత పనే.

ఆ చెక్క వాళ్ళ దేశంలో దొరకదు. డాలర్లిచ్చి పై దేశాల నుంచి తెచ్చుకోవాలి. వాళ్ళు తినే రొట్టెకి గోధుమ కూడా చాలావరకు పై నుంచే రావాలి. డాలర్లు వచ్చే దారులు నాలుగైదే. చూడ్డానికి వచ్చే పరదేశీయులు, గల్ఫులో ఉన్న వాళ్ళ మనుషులు పంపే డబ్బు, ఓడలు సుంకం కట్టి వెళ్ళే కాలువ. ఎర్రసముద్రంలో గొడవలు మొదలయ్యాక కాలువలోకి ఓడలు తగ్గాయి. డాలరు దొరకడం మానేసింది. ఉన్న డాలరు ముందు గోధుమకి వెళ్ళాలి కదా, సోఫా చెక్కకి ఎవరిస్తారు? వీధులకి వీధులు చప్పుడు లేకుండా అయిపోయాయి. పూలు చెక్కేవాళ్ళు ఆటోలు తోలుతున్నారు. ఆ ఆటోలు మన దేశం నుంచి వెళ్ళినవేనట. ఆమె అన్న కూడా అదే పనిలో పడ్డాడు. నాన్న చేతులు వణుకుతున్నాయి. మగపిల్లలకి తప్ప నేర్పని రేకు పని, ఇంట్లో మిగిలిన ఆడపిల్లకి అప్పుడు నేర్పాడు. నేర్చుకునేసరికి మెరుగు పెట్టడానికి కుర్చీ లేదు. అప్పుడు ఆ సోఫాల గదిలోనే వీధిలోని ఆడవాళ్ళని కూర్చోబెట్టి నగల పని మొదలుపెట్టింది.

ఇదంతా జాలి కోసం చెప్పలేదు. చెక్క రాకపోతే ఏం చేశామో చెప్తాను వినండి అన్నట్టు చెప్పింది. పాత సోఫాలు విప్పి కొత్తవి చేశారట. అరటిపళ్ళ పెట్టెల చెక్కతో పిల్లల ఉయ్యాలలు చేశారట. ఊరు ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నాకు ఆ మనుషులంటే గౌరవం కలిగింది.

రెండో రోజు సాయంత్రానికి ఛాయ కుదిరింది. గుమ్మంలోనూ, దీపం కిందా కూడా చూసి, హెబా ఆ ముక్కని వాళ్ళమ్మ గాజు పక్కన పెట్టి ప్రశాంతిని పిలిచి, ఏది ఏదో చెప్పమంది. ప్రశాంతి తప్పు చెప్పింది. నాంచారమ్మ కూడా తప్పే చెప్పి, అది వెలుతురు తప్పని వాదించింది.

మర్నాడు ఆదివారం, పని లేదు. చర్చి నుంచి వచ్చాక హెబాని మా పుట్టింటి వైపు, దివిసీమకి కారులో తీసుకెళ్ళాను. దారిలో చల్లపల్లి సెంటర్లో టీకి ఆగాం. అక్కడ ఆ అమ్మాయి అసలు మాట అడిగింది. తయారైన సెట్లు వద్దు. అచ్చుకొట్టి, పూత వేసి, ముక్కలుగా ఇవ్వండి. రాళ్ళు పొదగడం, కూర్చడం మా వీధి ఆడవాళ్ళు చేసుకుంటారు. ఆ పని వాళ్ళు అప్పటికే నేర్చుకున్నారట. నాకున్న డాలర్లకి మీ దగ్గర తయారైన సెట్టు ఒకటి కొనే బదులు ముక్కలు కొంటే మూడు సెట్లు అవుతాయి, సుంకం కూడా తగ్గుతుంది అంది. వీలైతే పూత కూడా నేర్పమంది.

పూత ఇంట్లో చేసుకునే పని కాదని చెప్పాను. బాత్‌లో విషం ఉంటుంది. గాలి బయటికి లాగే ఫ్యాన్లుండాలి, వాడిన నీళ్ళు శుద్ధి చేసే తొట్టెలుండాలి. పిల్లలు తిరిగే సోఫాల గదిలో అది పెట్టనివ్వను, నువ్వడిగినా నేర్పను అన్నాను. ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. ముక్కల మాట దగ్గర నేనే ఆగిపోయాను. ముక్కలుగా ఇస్తే నా పూత పని మూడింతలవుతుంది. నాంచారమ్మ వాళ్ళ రాళ్ళ పని ఆ సరుకు మీద సున్నా అవుతుంది. ఆ ఏడాది మాకు వేరే పెద్ద సరుకేమీ లేదు. అంటే నేను బాగుపడి, నా ముందు గది ఖాళీ అవుతుంది.

సోమవారం షెడ్డులో అందరి ముందూ చెప్పాను, దాచి ప్రయోజనం లేదని. నాంచారమ్మ చేతిలో పట్టకారు కింద పెట్టింది. బందరు దగ్గరి గూడూరు పక్క పల్లెటూరి నుంచి రోజూ ఆటోలో వచ్చే మనిషి. భర్త నడుం దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఇల్లు నడిచేది ఆ పట్టకారు మీదే.

"అచ్చు బందరుది, పూత బందరుది. రాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఈజిప్టు గుర్తొచ్చిందా? నా పిల్లల ఫీజు ఈవిడ కడుతుందా అడుగమ్మా" అంది ప్రశాంతితో.

ప్రశాంతి కాస్త మెత్తగా చెప్పబోయింది. హెబా ఆపి, ఉన్నదున్నట్టు చెప్పమంది. విన్నాక హెబా వెళ్ళి నాంచారమ్మకి ఎదురుగా కింద చాప మీద కూర్చుంది.

"నీ కోపం న్యాయమే అక్కా. మా ఊళ్ళో పూలు చెక్కేవాళ్ళు ఏ తప్పూ చేయలేదు. చెక్క రాలేదు, అంతే. పూలు చెక్కడం తప్ప ఇంకోటి రాదు కాబట్టి ముందు వాళ్ళే పడిపోయారు. నేను కొనకపోయినా ఏదో ఒక రోజు మీ రాళ్ళ పని ఆగుతుంది. ఆ రోజు నీకు ఇంకో పని వచ్చి ఉండాలి" అంది.

నాంచారమ్మ నా వైపు తిరిగి, "విన్నావుగా అక్కా. ఇంకో పని ఏముంది ఈ షెడ్డులో? నీ గదిలో ఉన్నదే" అంది.

ఆమె ఏమడిగిందో అందరికీ తెలుసు. ఛాయ పని బయటివాళ్ళకి నేర్పడం మా వీధిలో ఎరగరు. నాంచారమ్మ మా బంధువు కాదు, మా కులం కాదు, మా చర్చి కాదు. రేపు పని పట్టుబడ్డాక పక్క షెడ్డువాళ్ళు ఎక్కువిస్తామంటే వెళ్ళిపోవచ్చు. మా అత్తగారు బతికి ఉంటే ఒప్పుకునేవారు కాదు. నాకొక కోడలుంది, బ్యాంకులో పనిచేస్తుంది, బాత్ దగ్గరికి కూడా రాదు. నా తర్వాత ఈ పని ఎవరిదని నేనూ చాలాసార్లు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

హెబా నన్ను తొందరపెట్టలేదు. మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ, ఎండుచేప చూసి సంతోషపడింది. వాళ్ళకి వసంతకాలంలో ఉప్పుచేప తినే పండగ ఒకటుందట. తినడమైపోయాక, మీ నాన్న నీకు పని నేర్పినప్పుడు మీ వీధివాళ్ళు ఏమన్నారని అడిగాను. చాలా అన్నారట. కొన్నాళ్ళు నాన్నతో టీ కూడా తాగలేదట. తర్వాత వాళ్ళే తమ కూతుళ్ళని ఆమె దగ్గరికి పంపారట.

తిరిగి షెడ్డుకి వెళ్ళి, నాంచారమ్మని చేతులు కడుక్కుని వెనక గదికి రమ్మన్నాను. చేతి తొడుగులు, ముసుగు ఇచ్చాను. మొదట విషం గురించి చెప్పాను, తర్వాత కరెంటు గురించి. హెబా గుమ్మంలోనే నిలబడి చూసింది, లోపలికి రాలేదు.

నేర్చుకోవడం తేలిగ్గా ఏమీ జరగలేదు. నాంచారమ్మ మొదటి సరుకు సగం మాడ్చింది. నేను తిట్టాను, ఆమె తిరిగి తిట్టింది. పక్క షెడ్డువాళ్ళు నాకు మతిపోయిందన్నారు. మా ఆడపడుచు కొన్నాళ్ళు మా ఇంటికి రాలేదు. కానీ మూడింతల పూత పనికి నా రెండు చేతులు ఎలాగూ చాలవు. ముక్కలు కడగడం, తీగలకి వేలాడదీయడం, పూత, ఆరబెట్టడం, ఒక్కొక్కటీ ముందు గది ఆడవాళ్ళకి నేర్పుతూ వచ్చాను. ఎవరికీ పని పోలేదు. మా షెడ్డు నుంచి డమియెట్టాకి పెట్టెలు వెళ్తూనే ఉన్నాయి. వాళ్ళ వీధిలో రాళ్ళు పొదిగిన సెట్ల ఫొటోలు హెబా పంపేది. వాటి కింద హెబా రాసిన మాటలని ప్రశాంతి తెలుగులో రాసి పెడితే నేను చదివి అందరికీ వినిపించేదాన్ని. మొదటి ఫొటో చూసి నాంచారమ్మ, రాళ్ళు వంకరగా పొదిగారు అంది. నాలుగో ఐదో ఫొటోకి ఏమీ అనలేదు.

మొన్న వేసవిలో హెబా దగ్గర నుంచి ఒక కబురు వచ్చింది. చెవి రింగులకి ఇక ముక్కలు పంపొద్దని. పని లేక కూర్చున్న వాళ్ళ ఊరి ఇనుప పనివాడొకడు రింగుల అచ్చు తయారుచేశాడట. రింగులు అక్కడే కొడుతున్నారట. పూత వేయడానికి లైసెన్సున్న ఫ్యాక్టరీ కూడా ఒకటి పక్క పట్నంలో దొరికిందట. గాజులు, హారాలు మాత్రం ఇంకా మా దగ్గరే. మీకు నష్టం చేస్తున్నానని తెలుసు పెద్దమ్మా, అయినా చెప్పకుండా ఆపడం మర్యాద కాదని చెప్తున్నాను అని రాసింది.

గట్టిగా చదివాను. వెనక గది నుంచి నాంచారమ్మ ముసుగు దించుకుని వచ్చింది. రెండేళ్ళ కిందటైతే ఏమనేదో నాకు తెలుసు. ఇప్పుడు మాత్రం, "వాళ్ళ రింగు ఒకటి పంపమను, ఛాయ ఎలా వచ్చిందో చూద్దాం" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. బాత్‌లో తిరుపతి వైపు వెళ్ళాల్సిన వేరే సరుకుంది.

దేశాల లెక్కలు నాకు తెలియవు. ఒక దేశం పైకి రావడం అంటే ఏమిటో ఆ అమ్మాయిని చూసి నాకు అర్థమైనంత ఇది: నిన్న డాలరిచ్చి కొనుక్కున్నదాన్ని ఇవాళ తన వీధిలో చేసుకోగలగడం. అలా చేసుకున్న ప్రతిసారీ అమ్మేవాళ్ళకి ఒక సరుకు తగ్గుతుంది. మాలో ఒక్కొక్కరికి ఒక్క పనే తెలిసినన్నాళ్ళూ అది మాకు దెబ్బలాగే ఉండేది. ఈసారి కబురు రాగానే నాంచారమ్మ రింగు రంగు గురించి అడిగింది కానీ, పిల్లల ఫీజు గురించి అడగలేదు.